సీసపు బిళ్ల మీద రాజముద్ర

సింగరేణి బొగ్గుకు పేరుపడ్డ గోదావరిఖని నుంచి గోదావరికి ఎదురుగా వెళ్తే, రామగుండం దగ్గర ఎల్లంపల్లి బ్యారేజీ వస్తుంది. ఇంకా పైకి, పెద్దవాగు గోదావరిలో కలిసే చోట, జగిత్యాల జిల్లా కోటిలింగాల ఉంది. అక్కడ దొరికిన నాణేల మీద గోబద, నారన, సమగోప అనే రాజుల పేర్లున్నాయి. ఈ రాజులను మనకు పరిచయం చేసింది ఆ నాణేలే. శాతవాహన వంశానికి మూలపురుషుడని పురాణాలు చెప్పే సిముకుడి పేరునూ కోటిలింగాల నాణేల మీదే పి.వి. పరబ్రహ్మశాస్త్రి గుర్తించారు. ఇటు పెద్దపల్లి పక్కన పెద్దబంకూరు తవ్వకాల్లోనైతే ఇరవై వేలకు పైగా నాణేలు బయటపడ్డాయి.

శాతవాహనులకు ముందు చలామణిలో ఉన్నవి విద్ధాంక నాణేలు. వెండి రేకును ముక్కలుగా కోసి, సూర్యుడు, చెట్టు, జంతువు వంటి గుర్తులను విడివిడి ముద్రికలతో కొట్టేవారు. పేరు ఉండదు. శాతవాహనుల కాలానికి సీసం, పోటిన్ ముందుకొచ్చాయి. పోటిన్ అంటే రాగి, తగరం, సీసం కలిపిన మిశ్రలోహం. ఒక వైపు ఏనుగు, చుట్టూ బ్రాహ్మీ లిపిలో రాజు పేరు. మరో వైపు అడ్డంగా నిలువుగా దాటిన రెండు గీతల కొసల్లో నాలుగు వలయాలు. దీన్నే ఉజ్జయినీ చిహ్నం అంటారు. మూడు కమానులు పేర్చినట్టుండే కొండ గుర్తు కూడా తరచుగా కనిపిస్తుంది. అక్షరం రానివాడు సైతం నాణెం ఎవరిదో ఈ బొమ్మలను చూసి పోల్చుకోగలడు.

గుర్తుకు ఎంత రాజకీయ బలం ఉందో 1906లో నాసిక్ సమీపాన జోగల్‌తెంబిలో తేలింది. అక్కడ దొరికిన పదమూడు వేలకు పైగా వెండి నాణేలన్నీ క్షహరాత రాజు నహపానుడివి. వాటిలో తొమ్మిది వేలకు పైగా నాణేల మీద, అతన్ని ఓడించిన శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రలు మళ్లీ కొట్టించాడు. నహపానుడి ముఖం మీదే కొండ గుర్తు పడింది. కింద ముక్కు, గ్రీకు అక్షరాల తునకలు ఇంకా కనిపిస్తాయి. కరిగించి పోతపోసే ఖర్చు మిగిలిందన్నది నిజమే. కానీ ఓడినవాడి ఆనవాలు పూర్తిగా చెరగకుండా ఉండడమే ఆ నాణేన్ని విజయపత్రంగా మార్చిందని నా అభిప్రాయం. ఫ్రెంచి విప్లవకారులు మరో దారి పట్టారు. చర్చి గంటలను కరిగించి చిల్లర నాణేలు పోశారు. 1791లో నాణేల శిల్పి డుప్రే రూపొందించిన నాణెం మీద ఒక వైపు ఇంకా పదహారో లూయీ ముఖమే ఉంది. వెనక వైపు మాత్రం రాజ్యాంగం రాస్తున్న రెక్కల మూర్తి, పక్కన కోడిపుంజు చేరాయి.

దుక్కిలో పాత బిళ్ల కనబడగానే చింతపండుతో తోమేస్తారు మనవాళ్లు. ఆ పులుపు పైపొరను తినేస్తుంది. గుర్తూ అక్షరమూ ఉండేది అక్కడే. సీసపు నాణేన్ని చెక్కపెట్టెలో దాచినా చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి అది తెల్లగా పొడిబారుతుంది. అందుకే తోమకండి, కరిగించకండి. దొరికిన చోటు గుర్తుపెట్టుకుని కలెక్టరుకు తెలియజేయండి. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే అలా తెలపడం 1878 నాటి చట్టం ప్రకారం తప్పనిసరి.