అంతర్జాతీయ వాతావరణ చర్చలు – అందులో వ్యవసాయం స్థానం

హైదరాబాదులోని నల్లకుంట, చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతాలలో పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే అభ్యర్థులకు వాతావరణ సదస్సుల వరుస కంఠస్థమే. క్యోటో 1997, పారిస్ 2015, గ్లాస్గో 2021 అని తడుముకోకుండా చెప్పగలరు. అయితే ఆ సదస్సులలో నిర్ణయాలు ఏ విధంగా రూపుదిద్దుకొంటాయో, వాటికీ మన వరి మడికీ గల సంబంధమేమిటో వారి పాఠాలలో అరుదుగా కానవస్తుంది. వ్యవసాయ విద్యార్థులు, విస్తరణ శాస్త్రవేత్తలు మాత్రం ఈ విషయాన్ని తెలుసుకొనుట అవసరం.

ఒప్పందం – నిర్మాణం

ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల ఒప్పందం 1992లో రూపొంది, 1994 మార్చి 21న అమలులోకి వచ్చినది. నేడు ఇందులో ఐరోపా సమాఖ్యతో కలిపి 198 భాగస్వాములున్నారు. ఆహారోత్పత్తికి ముప్పు కలుగరాదన్న మాట ఒప్పందం రెండవ అధికరణలోనే ఉన్నది. దీని సచివాలయం జర్మనీలోని బాన్ నగరంలో ఉన్నది. ఏటా జరిగే భాగస్వామ్య దేశాల సదస్సునే 'కాప్' అని వ్యవహరిస్తారు. సాంకేతిక అంశాలను పరిశీలించే రెండు అనుబంధ సంఘాలు సాధారణంగా జూన్ మాసంలో బాన్‌లోనూ, తిరిగి కాప్ సమయంలోనూ సమావేశమవుతాయి.

చర్చలు సాగే తీరు

ఓటింగుకు సంబంధించిన నియమంపై దేశాలు నేటికీ అంగీకారానికి రాలేదు. అందువలన ప్రతి నిర్ణయమూ ఏకాభిప్రాయంతోనే జరుగవలసి ఉన్నది. దేశాలు కూటములుగా చర్చిస్తాయి. భారతదేశం 'జి-77 మరియు చైనా' కూటమిలోను, బ్రెజిల్, దక్షిణాఫ్రికా, చైనాలతో కూడిన 'బేసిక్' కూటమిలోను సభ్యదేశం. ముసాయిదాలో అంగీకారం కుదరని మాటలను చదరపు బ్రాకెట్లలో ఉంచుతారు. ఆ బ్రాకెట్లను ఒక్కొక్కటిగా తొలగించుటయే చర్చల సారాంశం.

ఒక్క మాటకు గల విలువను రెండు ఉదాహరణలు తెలుపుతాయి. 2015లో పారిస్ ముసాయిదాలో సంపన్న దేశాలు ఉద్గారాల తగ్గింపులో ముందుండి 'తీరవలెను' అనే అర్థమిచ్చే పదం, చివరి ఘడియలలో 'ఉండుట సముచితం' అనే అర్థమిచ్చే పదంగా మారినది. 2021లో గ్లాస్గోలో భారతదేశం ప్రతిపాదనతో బొగ్గు వినియోగాన్ని 'దశలవారీగా నిలిపివేయుట' అన్నది 'దశలవారీగా తగ్గించుట'గా మారినది.

ఇట్టి ప్రక్రియను హైదరాబాదు స్వయంగా చూచినది. 1992లో రియోలోనే సంతకాలకు ఉంచిన జీవవైవిధ్య ఒప్పందం 11వ సదస్సు 2012 అక్టోబరు 8 నుండి 19 వరకు ఈ నగరంలో జరిగినది. జీవవైవిధ్య పరిరక్షణకు వర్ధమాన దేశాలకు అందే అంతర్జాతీయ నిధులను 2015 నాటికి రెట్టింపు చేయాలన్న నిర్ణయం ఇక్కడే వెలువడినది. అంశం వేరైనను, నిధుల భారం ఎవరిదన్న ప్రశ్న రెండు వేదికలలోనూ ఒక్కటే.

వ్యవసాయంపై వివాదం

చర్చలలో ఉపశమనం, అనుకూలనం అనే రెండు పదాలు కీలకమైనవి. ఉద్గారాలను తగ్గించుట ఉపశమనం. మారిన వాతావరణానికి తగినట్లు సాగును మలచుకొనుట అనుకూలనం. వరి పొలాల నుండి, పశువుల నుండి మీథేన్ వెలువడుతుంది గనుక వ్యవసాయాన్ని ఉపశమన బాధ్యతల పరిధిలోకి తేవాలని పలు సంపన్న దేశాల అభిప్రాయం. చిన్న, సన్నకారు రైతుల ఉద్గారాలు బ్రతుకుతెరువుకు సంబంధించినవని, వారికి ముందుగా కావలసినది అనుకూలనమని భారతదేశ వాదన. 2021 నాటి ప్రపంచ మీథేన్ ప్రతిజ్ఞలోను, 2023లో దుబాయిలో వెలువడిన ఆహార, వ్యవసాయ ప్రకటనలోను భారతదేశం చేరకపోవడానికి నేపథ్యమిదే.

ఈ ప్రతిష్టంభన నడుమ 2017లో, ఫిజీ అధ్యక్షతన బాన్‌లో జరిగిన సదస్సులో 'కొరోనీవియా ఉమ్మడి కార్యక్రమం' ఆమోదం పొందినది. నేల కర్బనం, పోషక యాజమాన్యం, నీటి యాజమాన్యం, పశుపోషణ, ఆహార భద్రత వంటివి అందులోని అంశాలు. 2022లో షర్మ్ ఎల్-షేక్ సదస్సు దీనిని అమలు దిశగా మరో నాలుగేండ్లు కొనసాగించినది.

విస్తరణ శాస్త్రవేత్త పాత్ర

వరిలో తడి–పొడి పద్ధతినే తీసుకొందాం. దీనిని నీటి పొదుపుగా చూస్తే అనుకూలనం. మీథేన్ తగ్గింపుగా చూస్తే ఉపశమనం. మడిలో జరిగేది ఒక్కటే. కాని ఏ పేరుతో నమోదవుతుందన్న దానిని బట్టి ఆ ఖర్చు రైతుకు బాధ్యతగా మారునా, సహాయానికి అర్హత కలిగించునా అన్నది ఆధారపడి ఉంటుంది. నీటి విడుదలపై అదుపు లేని కాలువ చివరి ఆయకట్టు రైతుకు ఈ పద్ధతిని బాధ్యతగా విధిస్తే అది న్యాయం కాజాలదు.

భారతదేశ ఉద్గారాలలో వ్యవసాయ రంగం వాటా సుమారు 14 శాతం. ఇట్టి అంచనాలకు ఆధారం క్షేత్రస్థాయి కొలతలే. హైదరాబాదులోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రీడా) సమన్వయంతో 2011లో ఆరంభమైన 'నిక్రా' కార్యక్రమం గ్రామస్థాయిలో అనుకూలన పద్ధతులను ప్రదర్శిస్తున్నది. ప్రదర్శన క్షేత్రాలలో దిగుబడితో పాటు వాడిన నీరు, కూలి ఖర్చు, రైతు పద్ధతిని విడిచిపెట్టిన సందర్భంలో అందుకు గల కారణం కూడా నమోదు చేయుట మేలు. మన రైతు పరిస్థితిని మన కొలతలు చెప్పలేనప్పుడు, చర్చల బల్ల వద్ద ఇతరుల సగటు అంకెలే ఆ స్థానాన్ని ఆక్రమిస్తాయి.