కారు కదలకపోతే బ్రేకు బిగుస్తుంది!

పాలకొల్లులో పెళ్లి భోజనం చేసి భీమవరం బయల్దేరాం. వీరవాసరం దాటేసరికి మా ఆవిడ ముక్కు ఎగబీల్చి, "ఏవండీ, ఏదో కాలుతున్న వాసన రావట్లేదూ?" అంది. ఎవరో గడ్డి తగలెడుతున్నారులే అన్నాను. కోతల రోజులు మరి.

ఇంకో రెండు కిలోమీటర్లు పోయాక కారు ఎడమపక్కకి లాగడం మొదలెట్టింది. ఆ పక్కన కాలవ. బ్రేకు మీద కాలేస్తే పెడల్ స్పాంజి తొక్కినట్టు మెత్తగా లోపలికి దిగిపోయింది! గబగబా నాలుగైదుసార్లు తొక్కితే కాస్త పట్టింది. గేర్లు తగ్గించుకుంటూ, హ్యాండ్ బ్రేకు మెల్లగా లాగుతూ ఎలాగో రోడ్డు వారన ఆపాను. వెనక సీట్లో మనవరాలు నిద్రపోతూనే ఉంది. నా చొక్కా మాత్రం చెమటకి తడిసిపోయింది.

దిగి చూస్తే ఎడమ ముందు చక్రం దగ్గర సన్నగా పొగ. సీసాలో నీళ్లు పోయబోతుంటే బైకు మీద వెళ్తున్న కుర్రాడొకడు ఆగి, "పొయ్యకండి బాబాయ్ గారూ, డిస్కు వంకరపోద్ది!" అని అరిచాడు. అతనే సాయం పట్టి, మమ్మల్ని ఆటో ఎక్కించి, కారుని వేరే బండి మీద భీమవరం చేర్పించాడు. పేరు అడగడం కూడా మర్చిపోయాను.

కారు మా అబ్బాయిది. వాడు హైదరాబాదులో ఉంటాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు నాలుగు రోజులు తిప్పుతాడు. మిగతా ఏడాదంతా అది మా పెరట్లో రేకుల షెడ్డు కింద కూర్చుని ఉంటుంది. "తిరగని కారుకి అరుగుదల ఏముంటుంది?" అన్నది నా లెక్క. కిందటి సర్వీసులో బ్రేక్ ఆయిల్ మార్చమంటారా అని అడిగితే, దండగ ఖర్చని వద్దన్నది కూడా నేనే.

మొదట చూసినాయన చక్రం తిప్పి చూసి, "క్యాలిపర్ పట్టేసిందండీ, మొత్తం మార్చెయ్యాలి" అన్నాడు. వేలల్లో ఖర్చు. మనసొప్పక, మా పాత మెకానిక్‌ని ఇంటికి పిలిపించాను. నా దగ్గర ఎనిమిదో తరగతి చదివినవాడే. "ముందు దొంగెవరో తేల్చాలి కదా మాస్టారూ" అంటూ జాకీ ఎత్తాడు.

మన కార్లలో ఎక్కువగా ఉండే ముందు బ్రేకు పనితీరు తేలికే. చక్రంతో పాటు తిరిగే ఇనుప డిస్కుకి అటూ ఇటూ రెండు ప్యాడ్లుంటాయి. మనం పెడల్ తొక్కితే ఆయిల్ వచ్చి పిస్టన్‌ని నెడుతుంది. అది లోపలి ప్యాడ్‌ని డిస్కుకి నొక్కుతుంది. ఆ ఒత్తిడికి క్యాలిపర్ రెండు పిన్నుల మీద జారి, బయటి ప్యాడ్‌ని కూడా లాక్కొస్తుంది. కాలు తీస్తే పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలు దాన్ని వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. అంతే! ఆ వెంట్రుకవాసి ఖాళీ లేకపోతే ప్యాడ్ రాసుకుంటూనే ఉంటుంది.

అనుమానితులు ముగ్గురన్నాడు: ఆయిల్ గొట్టం, పిస్టన్, పిన్నులు. రబ్బరు గొట్టం లోపల పాడై పూడుకుపోతే, వెళ్లిన ఆయిల్ తిరిగి రాదు. అందుకని మొదట క్యాలిపర్ వెనక ఉన్న నిపుల్ కొంచెం విప్పాడు. గొట్టంలో ఒత్తిడి చిక్కుకుని ఉంటే అప్పుడు చక్రం వదులైపోవాలి. నాలుగు చుక్కలు కారాయి గానీ, చక్రం మాత్రం బిగుసుకునే ఉంది. గొట్టం నిర్దోషి.

బోల్టులు విప్పాడు. క్యాలిపర్‌ని గొట్టానికి వేలాడనివ్వకుండా తీగతో పైకి కట్టాడు. లోపలి ప్యాడ్ అరిగి రేకు కనిపిస్తోంది, బయటిది సగానికి పైగా మిగిలే ఉంది. "చూశారా, ఒక్కటే పని చేస్తోంది" అన్నాడు. సి క్లాంపు పెట్టి తిప్పితే పిస్టన్ నున్నగా లోపలికి వెళ్లింది. దాని మీద తుప్పు గుంటలుంటే మార్చాల్సిందేనట. మా అదృష్టం బావుంది.

మిగిలింది పిన్నులు. పైది వేలితో లాగితే వచ్చేసింది. కిందిది చచ్చినా కదల్లేదు. దాని రబ్బరు తొడుగు చిరిగి, నీళ్లు దిగి, పిన్ను తుప్పుతో అతుక్కుపోయింది. తుప్పు వదిలే నూనె పోసి, పానాతో అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ అరగంట కుస్తీ పడితే వచ్చింది, మాడిన మొక్కజొన్న పొత్తులా!

ఈ డిస్కు బ్రేకు కొత్తదేం కాదు. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే పేటెంటు తీసుకున్నాడు. 1953లో లె మాన్స్ 24 గంటల పందెం జాగ్వార్ కారు గెలిచాక దాని సత్తా లోకానికి బాగా తెలిసింది. గాలికి తెరుచుకుని ఉంటుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది. గాలికే కాదు, మన డెల్టా తేమకీ, చేపల లారీలు కార్చుకుంటూ పోయే నీళ్లకీ, చెరువు గట్ల బురదకీ కూడా తెరుచుకునే ఉంటుంది. తిరిగే కారులో పిన్నులు రోజూ కదులుతుంటాయి. నిలిపేసిన కారులో తుప్పుకి తీరిక దొరుకుతుంది.

అయితే పెడల్ ఎందుకు దిగిపోయింది? దానికి దొంగ నేనే. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ 3.7 శాతం చేరితే అదే హద్దు 155 డిగ్రీలకి పడిపోవచ్చు. రాసుకున్న ప్యాడ్ల వేడికి మా పాత ఆయిల్ మరిగి ఆవిరైంది. ఆవిరి నొక్కితే నలుగుతుంది, ఒత్తిడిని చక్రం దాకా మోసుకెళ్లదు. రెండేళ్లకోసారి మార్చమని చాలా కంపెనీలు చెబుతాయట. మాది అయిదేళ్లది!

కొత్త పిన్నులు, తొడుగుల కిట్టు వందల్లోనే అయిపోయింది. రంధ్రం శుభ్రం చేసి సిలికాన్ గ్రీజు రాశాడు. మా షెడ్డులో ఉన్న మామూలు గ్రీజు డబ్బా ఇవ్వబోతే, "అది రాస్తే రబ్బరు ఉబ్బి మళ్లీ పట్టేస్తది మాస్టారూ" అని పక్కన పెట్టేశాడు. ప్యాడ్లు మాత్రం రెండు ముందు చక్రాలకీ కొత్తవే వేశాడు. ఒక పక్కే మారిస్తే కారు పక్కకి లాగుతుందట. పాత ఆయిల్ మొత్తం తీసేసి, కొత్తది పోసి, నాలుగు చక్రాలకీ ఎయిర్ తీశాడు. తీసిన ఆయిల్ కాఫీ డికాక్షన్‌లా ఉంది. చక్రం కదిలేముందే పెడల్ గట్టిపడేదాకా నాతో తొక్కించాడు.

ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున్నే ఉండి దాకా వెళ్లొస్తున్నాం. ఇంటికొచ్చాక నాలుగు చక్రాల దగ్గరా, తగలకుండా, చెయ్యి పెట్టి వేడి చూస్తాను. "జ్వరం చూశారా?" అని మా ఆవిడ వంటింట్లోంచి అడుగుతుంది.