అబోరిజినల్ మెమోరియల్ (ఆదివాసీ స్మారకం)

అబోరిజినల్ మెమోరియల్ ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆస్ట్రేలియాలో ఉన్న స్మారకం. 1788 తరువాత తమ నేలను కాపాడుకొనే ప్రయత్నంలో మరణించిన ఆదివాసుల స్మృత్యర్థం దీనిని 1987-88లో రూపొందించారు. ఇందులో రంగులతో చిత్రించిన 200 బోలు మానులు ఉన్నాయి.

నేపథ్యం

1788 జనవరి 26న బ్రిటిషువారు సిడ్నీ తీరాన వలసను స్థాపించారు. దానికి 200 సంవత్సరాలు నిండిన సందర్భంగా 1988లో ఆస్ట్రేలియా అంతటా ఉత్సవాలు జరిగాయి. పలువురు ఆదివాసులు మాత్రం దానిని సంతాప సంవత్సరంగా భావించారు. దేశానికి ఉత్తరాన ఆర్న్‌హెమ్ లాండ్‌లోని రామింగినింగ్‌లో కళా సలహాదారుగా పనిచేస్తున్న జాన్ మండైన్ ఈ స్మారకాన్ని ప్రతిపాదించాడు. ఆ ప్రాంతపు కళాకారులు 43 మంది సంవత్సరానికి ఒకటి చొప్పున 200 మానులను సిద్ధం చేశారు. 1988 సిడ్నీ బియన్నాలేలో దీనిని మొదట ప్రదర్శించారు.

నిర్మాణం

ఆర్న్‌హెమ్ లాండ్ ఆచారం ప్రకారం మృతుని అస్థికలను శుభ్రపరచి, ఎర్రమన్ను పూసి, చెదలు తొలచిన యూకలిప్టస్ మానులో ఉంచి నిలబెడతారు. కాలక్రమేణా అది ఆ నేలలోనే కలిసిపోతుంది. స్మారకంలోని మానులలో అస్థికలు లేవు. తగిన అంత్యక్రియలకు నోచుకోని వారందరికీ ఇవి ప్రతీకలు. కొన్ని మానుల ఎత్తు 3 మీటర్లకు మించి ఉన్నది. మృతుని ఆత్మ తన నేలను చూచుకొనడానికి పలు మానుల పైభాగంలో రంధ్రం ఉంచారు.

మానుల నడుమ గల దారి ఆ ప్రాంతంలో ప్రవహించే గ్లైడ్ నదికి సంకేతం. నది వెంబడి ఏ వంశం వారి భూమి ఎక్కడ ఉన్నదో, వారు చిత్రించిన మానులను దారి పక్కన ఆ క్రమంలోనే నిలిపారు. ప్రతి వంశానికి తన భూమికి సంబంధించిన చిత్రాలు ఉంటాయి. వాటిని చిత్రించే హక్కు అందరికీ ఉండదు. అందువలన ఈ స్మారకం మృతులను స్మరించడంతో పాటు, ఏ నేలకు ఎవరు సంరక్షకులో తెలిపే పటంగా కూడా ఉన్నది.

ప్రాముఖ్యత

బ్రిటిషువారి రాకకు పూర్వం ఈ ఖండం ఎవరికీ చెందనిదన్న భావన 1988 నాటికి ఆస్ట్రేలియా న్యాయశాస్త్రంలో ఇంకా తొలగిపోలేదు. మాబో కేసులో హైకోర్టు 1992 జూన్ 3న దానిని తిరస్కరించి, ఆదివాసుల సాంప్రదాయిక భూమి హక్కును గుర్తించింది. ఆ తీర్పుకు నాలుగేళ్ళ ముందే ఈ స్మారకం అదే విషయాన్ని జాతీయ సంస్థలో ప్రకటించింది.

1999-2000లో దీనిని లొసాన్, హానోవర్, సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరాలలో ప్రదర్శించారు. 2022లో గ్యాలరీ మధ్యభాగానికి తరలించారు.