పెరిగిన ఊరు మనకేమి ఇచ్చింది?

పండుగకో, పెళ్లికో స్వస్థలానికి వెళ్లివచ్చిన వారి నోట తరచూ వినిపించే మాట ఒకటుంది: “ఆ ఊళ్లో ఏముంది?” పెద్ద ఆసుపత్రి లేదు, చెప్పుకోదగ్గ కళాశాల లేదు, పిల్లలకు కాలక్షేపం లేదు. ఈ లెక్క తప్పని మేము అనము. అయితే ఊరు ఇవ్వలేకపోయిన వాటిని లెక్కించినంత శ్రద్ధగా, అది ఇచ్చిన వాటిని మనం ఎన్నడైనా లెక్కించామా?

మేము పుట్టి పెరిగినది కంభంలో. నల్లమల కొండల చేరువలో, గుంటూరు నుంచి నంద్యాలకు పోయే రైలుమార్గంలో ఉన్న చిన్న పట్టణం అది. చదువు కోసం చిన్న వయసులోనే ఊరు విడిచాము. మూడు దశాబ్దాలుగా నగరంలో ఒక మద్రసాలో బోధిస్తున్నాము.

కంభానికి గొప్ప చెరువు ఉంది. గుండ్లకమ్మకు అడ్డంగా, కొండల నడుమ కట్టిన ఆ మట్టికట్ట విజయనగర కాలం నాటిది. శ్రీకృష్ణదేవరాయల దేవేరి వరదరాజమ్మ దానిని కట్టించారని ప్రతీతి. చిన్ననాడు మాకు అది ఈత నేర్చుకునే చోటు మాత్రమే. 2020లో ఐసీఐడీ అనే అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దానికి వారసత్వ కట్టడంగా గుర్తింపు ఇచ్చిన తర్వాతనే, ఆ నీళ్లు తాగి పెరిగిన వారిలో చాలామంది దాని గొప్పతనం గురించి మాట్లాడుకోసాగారు. మనం పొందిన పెంపకం సంగతీ ఇంతే.

పది ఇళ్ల పెంపకం

ఫజ్ర్ నమాజు తర్వాత మక్తబ్‌లో ఖాయిదా, ఆ పైన మార్కాపురం పలక పట్టుకుని తెలుగు బడి. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. మాకు తెలుగు నుడికారం అబ్బినది పుస్తకాల వల్ల కాదు. మేము ‘అత్తా’ అని పిలుచుకున్న పక్కింటి రైతు భార్య మాటల వల్ల. రంజాన్ మాసంలో మా ఇంటి నుంచి పళ్లెం వెళ్లేది. ఆ పళ్లెం ఖాళీగా తిరిగి వచ్చేది కాదు. మస్జిద్‌కు వెళ్లకుండా బజారులో తిరిగితే, మేము ఇల్లు చేరేలోపే ఆ కబురు ఇల్లు చేరేది. ఎవరింట మరణం సంభవించినా మూడు రోజులు ఆ ఇంట పొయ్యి వెలిగించనిచ్చేవారు కాదు. మంచి నడవడిని ఎవరూ మాకు పాఠంగా చెప్పలేదు, చూసి నేర్చుకున్నాము.

చిన్న ఊళ్లో అంతా మేలే ఉండేదని చెప్పడం సత్యానికి ద్రోహమవుతుంది. వేసవిలో బిందెడు నీళ్ల కోసం స్త్రీలు పడిన పాట్లు మేము చూశాము. మా తప్పులను సరిదిద్దిన ఆ పది కళ్లే, బాగా చదివే ఆడపిల్లలను ‘నలుగురు ఏమనుకుంటారో’ అన్న భయంతో ఇంట కూర్చోబెట్టాయి. ఆ లోపాన్ని ప్రేమించనక్కరలేదు. లోపం పేరు చెప్పి మేలును మరువనూ కూడదు.

దైవప్రవక్త (స) ఆదర్శం

మక్కావాసులు దైవప్రవక్త ముహమ్మద్ (స)ను ఎంతగా వేధించారో మనకు తెలుసు. అయినా ఆ నగరాన్ని వీడవలసి వచ్చినప్పుడు, అది తనకెంత ప్రియమైనదో, తన జాతివారు వెళ్లగొట్టకపోతే తాను దానిని వీడి ఉండేవాడిని కానని ఆయన వేదనతో పలికారు. మదీనాలో జ్వరపడిన హజ్రత్ బిలాల్ (రజి) మక్కా లోయలోని గడ్డిని, నీటిని, కొండలను తలచుకుని తపించారు. దైవప్రవక్త (స) ఆయనను మందలించలేదు. మదీనాను కూడా మక్కా అంతగా, అంతకన్నా మిన్నగా తమకు ప్రియం చేయమని అల్లాహ్‌ను వేడుకున్నారు. పుట్టిన ఊరిపై మమకారం, స్థిరపడిన ఊరిపై ప్రేమ ఒకదానికొకటి అడ్డు కావని దీనివల్ల బోధపడుతుంది.

తలుపు తెరుచుకోకపోతే

నిరుడు వేసవిలో మా అన్నదమ్ములం ఇంటి సంగతి తేల్చడానికి కూర్చున్నాము. అమ్మీ ఒంటరిగా ఉంటున్నారు. ఇల్లు అమ్మి ఆమెను నగరానికి తీసుకుపోదామన్నది ప్రతిపాదన. అంతా విని ఆమె ఒక్క ప్రశ్న వేశారు: “ఇక్కడ పొద్దున్నే నా తలుపు తెరుచుకోకపోతే నలుగురు వచ్చి పిలుస్తారు. అక్కడ ఎవరికి తెలుస్తుంది నాయనా?” మా వద్ద జవాబు లేదు. నగరంలో మా ఎదురింటివారి పేరైనా మా పిల్లలకు తెలియదు. ఇల్లు అమ్మలేదు. నెలకొకరం వంతులవారీగా ఆమె వద్ద ఉంటున్నాము. అందరికీ ఈ వీలు ఉండకపోవచ్చు. కాని పెద్దల విషయంలో నిర్ణయం తీసుకునే ముందు, వారు ఏమి కోల్పోనున్నారో వారినే అడగడం మన విధి.

ఊరికి వెళ్లినప్పుడు

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ప్రయాణంలో ఒక పల్లెవాసిని కలిసి, తన వాహనాన్నీ తలపాగానూ అతనికి ఇచ్చేశారు. వెంట ఉన్నవారు ఆశ్చర్యపోతే, ఇతని తండ్రి మా తండ్రికి మిత్రుడని చెప్పి, తండ్రి స్నేహితులతో సత్సంబంధం నిలుపుకోవడం ఉత్తమ సత్కార్యమని ప్రవక్త (స) బోధించినట్లు తెలిపారు.

ఈసారి ఊరికి వెళ్లినప్పుడు పిల్లలను వెంటబెట్టుకుని నాలుగు గడపలు తొక్కుదాం. ఖాయిదా చెప్పిన హజ్రత్‌కు, అక్షరాలు దిద్దించిన మాస్టారికి, పళ్లెం నింపి పంపిన అత్తకు వారిని చూపిద్దాం. కబరస్తాన్‌కు వెళ్లి గతించినవారి కోసం దుఆ చేద్దాం. చదువు ఆగిన ఆడపిల్ల ఉంటే ఆమె రుసుము భరిద్దాం. తిరిగి వచ్చాక ఎదురింటి తలుపు తట్టి, ఊరి నుంచి తెచ్చిన దానిలో కొంత వారికీ ఇద్దాం. మన పిల్లలకు కూడా పది ఇళ్ల పెంపకం కావాలి.

మేలు చేసినవారిని మరువని మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.