వేడి శాండ్‌విచ్‌లో వేడి ఎంత?

ఐరోపా నుండి వలసవచ్చిన యూదులు న్యూయార్కు నగరమున నెలకొల్పిన ‘డెలికటెసెన్’ అంగళ్లు వేడి శాండ్‌విచ్‌లకు పేరుపొందినవి. అట్టి అంగళ్లలో దొరకు ‘రూబెన్’ అనుదానిలో రై ధాన్యపు రొట్టెముక్కల నడుమ ఉప్పునీట ఊరవేసి ఉడికించిన గొడ్డుమాంసము, పులియబెట్టిన క్యాబేజీ, స్విస్ చీజు ఉంచి పెనముపై కాల్చుదురు. శామీర్‌పేట దారిలోని తూంకుంటలో ఇంటివద్ద చేసికొనుటకు గోధుమరొట్టె, ఉడికించిన కోడిమాంసము, చీజు చాలును. పదార్థములు మారినను వేడి ప్రసరించు తీరు మారదు.

వెన్న పూసిన రొట్టెను పెనముపై ఉంచగా, పెనమును తాకిన పొరలోని నీరు మొదట ఆవిరియగును. ఆ నీరు ఉన్నంతవరకు పొర నీటి మరుగుస్థానమును మించి వేడెక్కదు. తూంకుంట సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైబడి ఉన్నందున అచట నీరు సుమారు 98 డిగ్రీల సెంటీగ్రేడుకే మరుగును. పొర ఎండి 140 డిగ్రీలు దాటిన పిదప చక్కెరలకును మాంసకృత్తులకును నడుమ చర్య వేగముగా సాగి, ఎర్రని రంగు, కమ్మని వాసన పుట్టును. దీనిని 1912లో వర్ణించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుని పేర మెయిలార్డ్ చర్య యందురు.

రొట్టెనిండ చిన్న గాలిగదులే. గాలి వేడిని సులభముగా పోనీయదు. అందుచే పెద్దమంటపై రొట్టె మాడును, లోపలి చీజు చల్లగనే ఉండును. సన్నని సెగపై మూతపెట్టి, ఒక్కొక్క వైపు మూడు నాలుగు నిమిషములు కాల్చి, చివర మూత తీసినచో పైభాగము కరకరలాడును.

చీజునకు బదులు పనీరు వేసి, అది కరగలేదని నిరాశపడువారు కలరు. రెన్నెట్‌తో గడ్డకట్టిన చీజులో కేసీన్‌ను కాల్షియము కలిపి పట్టియుంచును. వేడికి ఆ అల్లిక సడలి జారును. నిమ్మరసముతో విరిచిన పనీరులో ఆ కాల్షియము చాలవరకు నీటితో పోవును. ఎంత కాల్చినను ఎర్రబడునేగాని కరగదు.

పైన ఎర్రబడినదని లోపల ఉడికినదని తలచుట ప్రమాదకరము. కోడిమాంసము మధ్యభాగము 74 డిగ్రీలకు చేరువరకు ముందే ఉడికించి యుండవలెను. అంతకంటె మోసకరమైనది మరొకటి కలదు. ఉడికిన మాంసమును చేతితో చీల్చి, వేసవి మధ్యాహ్నము బల్లపై వదలి, సాయంకాలము రొట్టెలో పెట్టి కాల్చుట. మన చర్మముపైనను ముక్కులోను ఉండు స్టఫిలోకాకస్ అను బాక్టీరియా ఆ గంటలలో వృద్ధిపొంది విషమును విడుచును. పెనపు వేడికి బాక్టీరియా చచ్చినను, ఆ విషము మరిగించినను నశింపదు. తిన్న కొలది గంటలలో వాంతులు పట్టుకొనును.

కావున ఎండ 32 డిగ్రీలు దాటిన దినములలో ఉడికిన మాంసమును గంటలోపల ఫ్రిజ్‌లో ఉంచవలెను. తినబోవునపుడు తీసి, విడిగా పెనముపై బాగుగా వేడిచేసి, ఆవిరి లేచుచుండగనే రొట్టె నడుమ పెట్టినచో, చీజు కరగుటకు సన్నని సెగయే సరిపోవును.