క్రోనస్ గాథ: గ్రీకు పురాణముల పుట్టుపూర్వములు

ఆకాశదేవుడగు ఊరనస్‌ను కుమారుడైన క్రోనస్ కొడవలితో పుంస్త్వహీనుని గావించి రాజ్యము గొనెననియు, తనకును కొడుకు చేతనే పరాభవము తప్పదని యెరిగి పుట్టిన బిడ్డలనెల్ల మ్రింగుచుండగా, తల్లి రేయా కడగొట్టు బిడ్డయగు జ్యూస్‌కు మారుగా పొత్తిగుడ్డలలో చుట్టిన రాతి నందించి భర్తను వంచించెననియు, ఆ జ్యూసే పిదప తండ్రిని జయించి దేవతాధిపతి యయ్యెననియు క్రీ.పూ. 700 ప్రాంతమున హెసియడ్ మహాకవి ‘థియోగొనీ’ కావ్యమున వర్ణించినాడు. దేవతల కింతటి క్రౌర్యము నంటగట్టిన కథ యెట్లు పుట్టెనను సందేహము మొదట గ్రీకులకే కలిగినది.

చౌర్యము, వ్యభిచారము, వంచన మున్నగు నింద్యకర్మల నెల్ల హోమరు, హెసియడులు దేవతల కారోపించిరని క్రీ.పూ. ఆరవ శతాబ్దిలోనే క్సెనోఫనీస్ నిర్భయముగా ఆక్షేపించెను. హోమరును రక్షింపబూనిన థియాజినీస్, దేవతల యుద్ధమనగా అగ్నిజలాది భూతముల పరస్పర వైరమే యని అర్థము చెప్పెను. క్రీ.పూ. 300 ప్రాంతమున యూహెమెరస్, దేవతలు పూర్వకాలపు రాజులే యని వ్రాయగా, తరువాతి క్రైస్తవాచార్యులు ఆ వాదమునే ఆయుధముగా గైకొని ప్రాతదేవతలపై ప్రయోగించిరి.

ఋగ్వేదమును ముద్రింపించిన మాక్స్ ముల్లర్, 1856 నాటి తన వ్యాసమున, ఉషస్సూర్యుల ప్రాచీన వర్ణనలే కాలక్రమమున అర్థము మరుగుపడి కథలైనవని సిద్ధాంతీకరించెను. వేదములోని ద్యౌష్పితయు జ్యూసును సజాతీయులనుట నేటికిని నిలిచినది గాని, ప్రతి వీరునియందును సూర్యునే దర్శించు వ్యాఖ్య నిలువలేదు. ఆర్యభాషల వాసనయే లేని న్యూజిలాండు మావోరీలలో సైతము, పెనవేసుకొనియున్న భూమ్యాకాశములను బిడ్డలు విడదీసిన గాథ కలదని ఆండ్రూ లాంగ్ 1884లో చూపి, క్రోనస్ కథ ఆ కోవకు చెందినదే యని వాదించెను.

వీరెవ్వరును చూడని సాక్ష్యము భూగర్భమున నుండెను. టర్కీలోని బొఘాజ్‌కోయి గ్రామము చెంత 1906లో ఆరంభమైన త్రవ్వకములలో హిట్టైటుల రాజధాని హత్తూసాయు, వేలకొలది మృత్ఫలకములును బయల్పడినవి. 1915లో చెక్ పండితుడు హ్రోజ్నీ ఆ భాషా రహస్యమును ఛేదించెను. హెసియడ్‌కు సుమారు ఐదువందల యేండ్లకు పూర్వమే వ్రాయబడిన ఆ ఫలకములలో, ‘అలలు’ నామకుడైన దేవరాజును ఆకాశదేవుడు ‘అను’ ఓడించుటయు, ‘అలలు’ సంతతివాడగు కుమర్బి ఆ ‘అను’ను తరిమి యతని పురుషాంగమును కొరికి మ్రింగుటయు, తత్ఫలముగా కుమర్బి గర్భముననే తుఫానుదేవుడు తేషుబ్ పెరుగుటయు, తుదకు రాజ్యమతనికే దక్కుటయు కానవచ్చుచున్నవి. శిథిలమైన పంక్తుల నడుమ రాతి ప్రస్తావన గూడ కలదు! దీనికి సంబంధించిన వేరొక గీతమున, ఆదియందు భూమ్యాకాశములను కోసి వేరుపరచిన పనిముట్టును దేవతలు మరల వెలికిదీయుదురు. లాంగ్ దూరద్వీపములలో వెదకిన పోలిక గ్రీసు పొరుగుననే దొరికినది.

అయినను కుమర్బి హుర్రియనుల దేవుడు, ‘అను’ మెసొపొటేమియావాడు. కావున హత్తూసాయు ఈ కథకు మజిలీయే కాని పుట్టినిల్లు కాదు. ఉత్తర సిరియా రేవులలో గ్రీకు వర్తకులు తిరిగినారు; హెసియడ్ తండ్రియు ఆసియా మైనరు తీరపు కీమీ పట్టణము వీడి బియోషియాకు వలస వచ్చినవాడే. ఇంతమాత్రమున హెసియడ్‌ను అనుకర్త యనుట అన్యాయమని నా నిశ్చితాభిప్రాయము. హిట్టైటు గాథలో పోరు రెండు వంశముల నడుమ సాగగా, గ్రీకు కావ్యమున అది యొక్క కుటుంబమున తండ్రికొడుకుల వైరమై, కొడవలి నిచ్చిన క్రోనస్ తల్లి గేయా, రాతి నిచ్చిన రేయా, బిడ్డలకై దుఃఖించు ఈ తల్లులే కథను నడుపుచున్నారు. పైగా హెసియడ్ ఈ పరంపరకు అంతము గూడ నిర్ణయించినాడు: తన్ను గెలువగల కొడుకు పుట్టకుండ జ్యూస్ గర్భవతియైన తన భార్య మేటిస్‌ను తానే మ్రింగి, ఆమె మోయుచున్న అథీనాను తన శిరస్సునుండి కనెను, జ్యూస్ తరువాత నాల్గవ రాజు లేడు.