మతిమరుపు జబ్బుకు విరాళాలు: ఒక కార్యకర్త అనుభవం

వారమంతా నేను సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్‌ని. శనాదివారాల్లో మాత్రం మూడేళ్ళుగా జీతం లేని ఇంకో ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడ అమెరికాలో డిమెన్షియా రోగులకూ వారి కుటుంబాలకూ అండగా ఉండే అల్జీమర్స్ అసోసియేషన్ కోసం, మా ఊరి తెలుగువాళ్ళ చేత విరాళాల కార్యక్రమాలు చేయిస్తుంటాను. "కంప్యూటర్లవాడివి, నీకిదంతా ఎందుకయ్యా?" అని చాలామంది అడుగుతారు.

మా నాయనమ్మ వల్ల. నేను ఎం.ఎస్. చదవడానికి వచ్చిన కొత్తలో ఇంటికి ఫోన్ చేస్తే, "అన్నం తిన్నావురా?" అని పది నిమిషాల్లో ఐదుసార్లు అడిగేది. పెద్దతనం, చాదస్తం అని అందరం నవ్వుకున్నాం. గుడి నుంచి ఇంటికి దారి మర్చిపోయి వీధిలో నిలబడిపోయిన రోజున గానీ డాక్టరుకి చూపించలేదు. అప్పటికే జబ్బు బాగా ముదిరింది.

డిమెన్షియా అనేది ఒకే జబ్బు పేరు కాదు. జ్ఞాపకం, మాట, ఆలోచన రోజువారీ పనులు చేసుకోలేనంతగా తగ్గిపోవడాన్ని అలా అంటారు. దానికి అన్నిటికన్నా ఎక్కువగా కారణమయ్యేది అల్జీమర్స్. 1906లో అలోయిస్ అల్జీమర్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని మొదటిసారి వివరించాడు. 2023లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం ఇండియాలో 60 ఏళ్ళు దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. వీళ్ళంతా మన అమ్మానాన్నల వయసువాళ్ళే.

ఈ సంస్థ ఏటా 'వాక్ టు ఎండ్ అల్జీమర్స్' పేరుతో ఊరూరా నడక జరుపుతుంది. నడిచేవాళ్ళ చేతుల్లో రంగుల పూలుంటాయి. జబ్బుతో ఉన్నవారికి నీలం, తమవారిని పోగొట్టుకున్నవారికి ఊదా, సేవ చేస్తున్నవారికి పసుపు, అండగా వచ్చినవారికి నారింజ. నాది ఊదా పువ్వు.

నడకకు ముందు మేము ఒక విందు పెట్టి డబ్బు పోగుచేస్తాం. ఇందులో రెండు సంగతులు తెలుసుకోవాలి. మొదటిది, చాలా కంపెనీలు ఉద్యోగి ఇచ్చినంత విరాళాన్ని తామూ కలిపి ఇస్తాయి. ఒక ఫారం నింపితే చాలు, కానీ మనవాళ్ళు బద్ధకించి వదిలేస్తారు. రెండోది పన్ను. 100 డాలర్ల టికెట్‌లో భోజనం విలువ 30 అయితే, విరాళం కింద చూపించుకోగలిగేది 70 మాత్రమే. టికెట్ 75 డాలర్లు దాటితే ఆ లెక్క సంస్థ రాసి ఇవ్వాలి. విరాళం 250 డాలర్లు, ఆపైన అయితే రసీదు తప్పనిసరి. ఇవి ముందే చెబితే దాతలకు నమ్మకం కుదురుతుంది.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను. మొదటి ఏడు రాత్రి విందు పెట్టాం. పెద్ద స్పీకర్లు, సినిమా పాటలు, డ్యాన్సులు. అనుకున్నదానికన్నా ఎక్కువ డబ్బు వచ్చింది. ఈ జబ్బున్న ఒక అంకుల్ గారిని ఆంటీ గారు తీసుకొచ్చారు. ఆ చప్పుడికి ఆయన బెదిరిపోయి చెవులు మూసుకున్నారు. పావుగంటలో వెళ్ళిపోయారు. మర్నాడు ఫోన్ చేస్తే ఆంటీ గారు, "డబ్బులు బాగా వచ్చాయిటగా బాబూ, సంతోషం. మాకే కూర్చునే చోటు లేకపోయింది" అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎవరి కోసం పెట్టామో వాళ్ళే ఉండలేని విందు అది.

మరుసటి ఏడు పద్ధతి మార్చాం. సాయంత్రమయ్యేకొద్దీ ఈ రోగుల్లో చాలామందికి కంగారు పెరుగుతుంది కాబట్టి మధ్యాహ్న భోజనం పెట్టాం. స్పీకర్లు తగ్గించాం. పక్కన ఒక నిశ్శబ్దపు గది ఉంచాం. బాత్‌రూం తలుపు మీద బొమ్మతో పాటు పెద్ద తెలుగు అక్షరాలు అంటించాం. ఒక్కో రోగి పక్కన ఒక వాలంటీరుని కూర్చోబెట్టాం. విరాళాలు కొంచెం తగ్గాయి. కానీ అంకుల్ గారు చివరిదాకా ఉన్నారు. ఆంటీ గారు చాలా రోజుల తర్వాత ఆయన్ని మధ్యలో లేచి చూసుకునే పని లేకుండా పెరుగన్నం దాకా తిన్నానన్నారు. ఇప్పుడు డబ్బు లెక్కతో పాటు, రోగులున్న ఇళ్ళు ఎన్ని వచ్చాయో కూడా రాసుకుంటున్నాను.

ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మో నాన్నో ఒకే మాట మళ్ళీ మళ్ళీ అడుగుతుంటే చాదస్తమని నవ్వేయకండి. ఒకసారి డాక్టరుకి చూపించమని చెప్పండి. మీ ఊళ్ళో ఇలాంటివారిని చూసుకుంటున్న ఇల్లు ఉంటే, చెక్కుతో పాటు ఓ గంటసేపు వెళ్ళి కూర్చోండి.

సెలవు.